అదే జీపు అని ఎవరు చెప్పాలి?

పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. రాజంపేట అనే ఊరు రాయలసీమలో ఒకటుంది, లోక్‌సభ నియోజకవర్గానికే పేరిచ్చింది. కామారెడ్డి జిల్లాలో ఇంకొకటుంది, 2016 అక్టోబరు 11న ఆ జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. పోనీ, గుర్తు మారితే వస్తువు మారిపోతుందా అంటే అదీ కాదు. ఈ రెండో రాజంపేటలో ఒకే వాడలో నాలుగు రకాల నంబరు ప్లేట్లు కనిపించే వీలుంది. ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాద్ జిల్లా కింద రిజిస్టరైన బండికి ఏపీ 25, తెలంగాణ వచ్చాక టీఎస్ 16, కామారెడ్డి జిల్లా అయ్యాక టీఎస్ 17, 2024 మార్చి నుంచి టీజీ 17. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, కోడ్ మారింది. అయినా అప్పటి రాజంపేట వేరు, ఇప్పటి రాజంపేట వేరు అని ఎవరూ దావా వేయరు. ఎందుకు వేయరో చెప్పమంటే మాత్రం జవాబు తడబడుతుంది. నేల అదే కదా అందామంటే, శ్రీరాంసాగర్ ముంపులో పాత నేల వదిలి వేరే చోట అదే పేరుతో వెలసిన ఊళ్లున్నాయి. మనుషులు వాళ్లే కదా అందామంటే, నూరేళ్ల కింద అక్కడున్నవాళ్లు ఒక్కరూ లేరు. మారుతూ ఉన్నదాన్ని పట్టుకుని ‘అదే ఇది’ అనడానికి మనకున్న ఆధారం ఏమిటి? భారతీయ దర్శనాలు వందల ఏళ్లు కొట్టుకున్న ప్రశ్న ఇది. దీన్ని ఊరి మీద కంటే పాత జీపు మీద పెట్టి అడిగితే బాగా తేలుతుందని నా ఉద్దేశం. ఊరికి లేని ఒక సదుపాయం జీపుకి ఉంది. నువ్వెవరని అడిగితే చెప్పడానికి దాని ఒంటి మీదే నంబరు గుద్ది ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలపు జీపును అమెరికా సైన్యం కోసం రెండు కంపెనీలు ఒకే నమూనాతో తయారుచేశాయి. టొలీడో నగరంలోని విల్లీస్ ఓవర్‌లాండ్ మూడున్నర లక్షలకు పైగా, ఫోర్డ్ రెండున్నర లక్షలకు పైగా బండ్లు దించాయి. ఎవరి భాగమైనా ఎవరి బండికైనా పట్టాలన్నది ఆ ఏర్పాటు సారం. అంచేత ఏది ఎవరిదో తేల్చాలంటే చూడాల్సిన చోట్లు కొన్నే మిగిలాయి. రేడియేటర్ ముందు ఛాసిస్ పట్టీలు రెంటినీ కలిపే అడ్డకమ్మీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన యూ ఆకారంలో ఉంటే ఫోర్డ్. విల్లీస్ తన నంబరును చిన్న రేకు మీద కొట్టి, ముందు బంపరు వెనక ఎడమ పట్టీ లోపలివైపు రివెట్లతో బిగించింది. ఫోర్డ్ రేకు జోలికి పోకుండా ఎడమ పట్టీ పైభాగాన ఇనుములోనే గుద్దింది, అదే నంబరును ఇంజన్ మీద కూడా వేసింది. విల్లీస్‌లో ఇంజన్ నంబరు దారి వేరు, ఛాసిస్ నంబరు దారి వేరు. ఫోర్డ్ అయితే బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అని ముద్ర వేసుకుంది. పక్కవాడి బండికి తన బోల్టు పట్టాలని ఒప్పుకుంటూనే, అది తనదని చాటుకోకుండా ఉండలేకపోయిందన్నమాట.

ఆ జీపు మన దేశానికి వచ్చిన దారి కూడా ఈ ప్రశ్నకు దూరమైంది కాదు. 1945లో మొదలైన కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. ఆ మహమ్మద్ అంటే మాలిక్ గులాం మహమ్మద్, ఒకప్పుడు నిజాం ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసినవారు. దేశ విభజనతో ఆయన పాకిస్తాన్ వెళ్లి అక్కడి తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో ఇక్కడి కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. భాగస్వామి పోయాడు, బోర్డు మీద పేరు మారింది, కంపెనీ మాత్రం అదేనని చట్టమూ ఒప్పుకుంది, జనమూ ఒప్పుకున్నారు. బండ్ల పనిని విల్లీస్ జీపుల బిగింపుతో మొదలుపెట్టిన ఆ సంస్థ, ఎత్తైన బానెట్ ఉన్న సీజే-3బీ నమూనాను దశాబ్దాల తరబడి చేసింది. మొదట్లో వాటిలో ఉన్నది పెట్రోలు ఇంజన్. తరవాత డీజిల్ చవక కనుక చాలా జీపుల్లో దాన్ని తీసి డీజిల్ ఇంజన్ వేశారు. ప్యూజో లైసెన్సుతో ఇక్కడే తయారైన ఇంజన్ పేరు పాత మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ వినపడుతుంది. టాపు మారింది, తుప్పు పట్టిన నేల రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేశారు, గేర్‌బాక్స్ వేరే బండిది పడింది. ఇంత జరిగాక ఆర్సీలో ఉన్న తయారీ సంవత్సరం దేనికి వర్తిస్తుంది?

అసలు తయారీ సంవత్సరం అన్నదే అనుకున్నంత గట్టి సంగతి కాదు. ఇంజన్ దిమ్మ పోతపోసిన రోజు ఒకటి, ఛాసిస్ మీద నంబరు గుద్దిన రోజు ఒకటి, అన్నీ బిగించి బండిగా నిలబెట్టిన రోజు ఇంకొకటి. యుద్ధకాలపు విల్లీస్ జీపు డాష్‌బోర్డు మీద, సామాను పెట్టుకునే అర తలుపుకి ఒక రేకు ఉంటుంది. దాని మీద సీరియల్ నంబరు పక్కన తేదీ కూడా ఉంటుంది కనుక, చాలామంది దాన్నే పుట్టినరోజుగా చెబుతారు. నిజానికి అది సైన్యానికి అప్పగించిన తేదీ. న్యాయదర్శనం ఇక్కడ పనికొస్తుంది. ఒక వస్తువు పుట్టాలంటే మూడు కారణాలు కలవాలంటారు నైయాయికులు. భాగాలు సమవాయి కారణం, వాటి కూడిక అసమవాయి కారణం, చేసిన మనిషి, పనిముట్లు నిమిత్త కారణం. కూడిక జరిగిన క్షణమే వస్తువు పుట్టుక. ఆ లెక్కన రేకు మీది తేదీ ఈ మూడింటిలో దేనికీ చెందదు, అది యజమాని మారిన తేదీ. మన చట్టం ఇంకో మెట్టు దిగింది. పాతకాలపు వాహనానికి యాభై ఏళ్లు నిండాయా అని చూసేటప్పుడు మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్కిస్తుంది. 1944లో తయారై, యుద్ధం ముగిశాక సర్కారు వేలంలో ఎవరో కొన్నాక గానీ నంబరు ప్లేటు ఎరగని బండికి, చట్టం దృష్టిలో పుట్టుక ఆ ప్లేటుతోనే.

కొత్త కాలపు 17 అక్షరాల నంబరు వచ్చాక ఈ గందరగోళం తీరిందనుకుంటారు. అమెరికాలో 1981 మోడల్ నుంచి అది తప్పనిసరి. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, ఒకటి, సున్నాలతో పొరబడతారని. ఎంఏ1 అని మొదలైతే మహీంద్రా. అమెరికా పద్ధతిలో పదో స్థానం మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది. ఏ అంటే 1980, మళ్లీ ఏ అంటేనే 2010. ముప్ఫై ఏళ్లకోసారి అక్షరం తిరిగొస్తుంది. మన ప్రభవాది సంవత్సరాలతో వచ్చే చిక్కే ఇది. ప్రభవ నామ సంవత్సరంలో పుట్టానంటే 1927లోనా, 1987లోనా అన్నది ఎదురుగా ఉన్న మనిషిని చూసి తేల్చుకోవాలి. అమెరికా పద్ధతిలోనే తొమ్మిదో స్థానంలో ఒక కాపలా అంకె ఉంటుంది, మిగతా పదహారింటితో లెక్క కట్టి అది సరిపోయిందో లేదో చూస్తారు. రాసేటప్పుడు దొర్లిన తప్పును అది పట్టిస్తుంది. అబద్ధాన్ని పట్టించలేదు. లెక్క కుదిరేలా దొంగ నంబరు అల్లడం ఏమంత కష్టం కాదు. తనలో తాను పొసగడం వేరు, లోకంలో ఉన్నదానితో పొసగడం వేరు. ఈ తేడాను మన ప్రమాణశాస్త్రం ఎన్నడో గుర్తించింది.

ఇక అసలు వాదంలోకి వస్తాను. జీపు ఎక్కడుందన్న ప్రశ్నకు అందరికీ తెలిసిన జవాబు నాగసేనుడిది. గ్రీకు మూలాలున్న రాజు మిలిందుడితో ఆ బౌద్ధ భిక్షువు రథం గురించి మాట్లాడాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటే అడిగి, ఏదీ కాదని ఒప్పించి, రథం అన్నది ఆ భాగాల ఆధారంగా వాడే వ్యవహారం మాత్రమేనన్నాడు. తరవాత చంద్రకీర్తి ఇదే రథాన్ని ఏడు రకాలుగా వెదికి ఎక్కడా దొరకదని తేల్చాడు. నైయాయికుడు దీనికి ఒప్పుకోడు. భాగాలకు మించిన అవయవి ఒకటుంది, మనం చూసేదీ పట్టుకునేదీ దాన్నే అంటాడు. కానీ అతని మాటలో ఒక ఇబ్బంది ఉంది. వస్త్రంలోంచి ఒక్క దారం లాగేస్తే పాత వస్త్రం నశించి కొత్త వస్త్రం పుట్టిందనాలి. ఆ లెక్కన బోల్టు మార్చిన ప్రతిసారీ ఆర్టీఏ ఆఫీసుకి పోయి కొత్త బండి రిజిస్టర్ చేయించుకోవాలి. జైనులు మధ్యేమార్గం చెప్పారు. ఉన్న ప్రతిదానిలో పుట్టుక, నాశనం, నిలకడ మూడూ ఏకకాలంలో ఉంటాయని, ద్రవ్యం నిలిచి పర్యాయాలు మారతాయని. బంగారం నిలుస్తుంది, గాజు కరిగి గొలుసవుతుంది. బాగానే ఉంది కానీ జీపులో జరిగేది దీనికి తలకిందులు. ఇక్కడ ద్రవ్యమే పోతుంటుంది, రూపం నిలుస్తుంది. నేల రేకు కొత్తది, ఇంజన్ వేరేది, బానెట్ మాత్రం అదే ఎత్తు.

నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది వైశేషికుల ‘విశేషం’. అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు పరమాణువులను వేరుగా నిలిపేది ఏమిటని వాళ్లు అడిగారు. ఒక్కొక్కదానిలో ఒక విశేషం ఉండాలి, లేకపోతే అవి రెండని చెప్పలేం అన్నారు. కుండలకీ బండ్లకీ ఈ విశేషం అక్కర్లేదు, వాటి భాగాలే వాటిని వేరు చేస్తాయన్నారు. వాళ్ల కాలానికి ఆ మాట నిజమే, వడ్రంగి చేసిన రెండు ఎడ్లబండ్లు ఎన్నడూ ఒకేలా ఉండవు. ఫ్యాక్టరీ వచ్చి ఆ మాటను చెల్లకుండా చేసింది. భాగాలన్నీ ఏ బండికైనా పట్టేలా చేశాక, వేలాది బండ్లు పరమాణువుల్లాగే ఒకదానికొకటి తేడా లేనివయ్యాయి. అప్పుడు మనిషి చేతనే విశేషాన్ని గుద్దించుకోవాల్సి వచ్చింది. ఛాసిస్ నంబరు అంటే అదే. ఆ నంబరు ఆ బండి గుణాల్లో దేన్నీ చెప్పదు, దాని బలాన్నీ వేగాన్నీ చెప్పదు. నువ్వు నువ్వే, పక్కది కాదు అని మాత్రం చెబుతుంది.

ఇక్కడే చాలామంది కాలు జారతారు. నంబరు వేరు చేస్తుంది కనుక నంబరే జీపు అనుకుంటారు. దాంతో నంబరున్న ముక్క కోసి ఇంకో పట్టీకి అతికిస్తే జీపు కూడా అటు వెళ్లిందనే వ్యాపారం పుట్టింది. నేననేది వేరు. జీపు తానుగా నిలవడం దాని చరిత్రలో ఉంది. మొదటి బిగింపు నుంచి ఇవాళ్టి దాకా, ఒక్కో మార్పు అంతకుముందున్న బండి మీదే జరుగుతూ వచ్చిన తెగని గొలుసు అది. నంబరు ఆ గొలుసుకు సాక్షి. సాక్షిని చూసే సంగతి తెలుసుకుంటాం, అయినా సాక్షే సంగతి కాదు. అంచేత మార్పు వల్ల ‘అదే’ అన్న మాటకు భంగం లేదు. జరిగిన మార్పును దాచడం వల్ల ఉంది. చట్టం పోకడ కూడా ఇదే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇంజన్ మార్పిడిని మొత్తంగా నిషేధించలేదు. అనుమతి తీసుకో, తీసుకోకుండా మార్చి ఉంటే 14 రోజుల్లో తెలియజేసి ఆర్సీలో రాయించు అంది. ఎంతవరకు మార్చొచ్చు అన్నదానికి హద్దు ఉంది. కంపెనీ ఇచ్చిన మూల నిర్మాణానికి విరుద్ధంగా పోకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ హద్దుకి లోబడి, ఒప్పుకున్న మార్పుతో బండి అదే బండిగా కొనసాగుతుంది.

చరిత్ర అన్నది మన తలల్లోనూ కాగితాల్లోనూ తప్ప వస్తువులో లేదు కదా అని ఎవరైనా అనొచ్చు. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో దీనికి జవాబుంది. దొంగ బండి ఛాసిస్ నంబరును ఆకురాయితో అరగదీసి నున్నగా చేస్తారు. కంటికి ఇనుము తప్ప ఏమీ కనపడదు. ఆ చోటును ఇంకాస్త మెరుగుపెట్టి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్యూప్రిక్ క్లోరైడ్ కలిపిన ద్రావణాన్ని దూదితో అద్ది తుడుస్తూ ఉంటారు. కాసేపటికి మసక మసకగా ఒక అంచు, తరవాత ఒక అంకె ఆకారం లేస్తుంది. సుత్తిదెబ్బతో అంకె పడినప్పుడు దాని గుంట కిందున్న ఇనుము కూడా నలిగింది. గుంటను అరగదీసినా నలుగు అడుగున మిగిలింది. నలిగిన ఇనుమూ నలగని ఇనుమూ ఆమ్లానికి ఒకేలా లొంగవు. అంటే జరిగిన సంగతి కాగితంలోంచి పోయినా, కంటికి కనపడకుండా పోయినా, వస్తువులో సంస్కారంగా ఉండిపోయింది. ఎవరూ చదవకపోయినా ఉంది. మరీ లోతుగా అరగదీస్తే నలిగిన పొర కూడా పోతుంది, ఇక ఏ ఆమ్లమూ ఏమీ చెప్పదు. అప్పుడు పోయేది సాక్ష్యం. ఆ ఇనుము మీద ఫలానా రోజున సుత్తి పడిన మాట అబద్ధం కాదు.

నాగసేనుడి పక్షం వహించి ఒకరు అడగొచ్చు: అంతా వ్యవహారమే అయినప్పుడు దొంగ నంబరుకీ దొర నంబరుకీ తేడా ఏముంది, రెండూ పేర్లే కదా? వ్యవహారమంటే అబద్ధమని నాగసేనుడు చెప్పలేదు. వ్యవహారంలోనే నిజమూ అబద్ధమూ ఉంటాయి. పైగా ఫోర్జరీ అన్నది సాధ్యం కావాలంటే, ఫోర్జరీ చేయడానికి ముందు నిజమైన సంగతి ఒకటి ఉండాలి. వట్టి పేరును ఎవరు దొంగిలిస్తారు? ఫ్యాన్సీ నంబరు కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పోసేవాళ్లున్నారు నిజమే. తొమ్మిదులు వరసగా ఉంటే కలిసొస్తుందని నమ్మకం. ఆ ప్లేటు మీద ఎంత మోజున్నా, కొనేవాడి తరఫున వచ్చిన మెకానిక్ ముందు వంగి చూసేది ఎడమ పట్టీనే. ఛాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్రను బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆర్సీతో పోల్చి చూసేది కూడా అందుకే. ప్లేటు సర్కారు ఇచ్చిన గుర్తు, రేపు మారొచ్చు. పట్టీ మీదిది ఒకసారి జరిగిన పనికి మిగిలిన ఆనవాలు.

ఇంకో అభ్యంతరం గట్టిది. పలకలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే ఓడ అదేనా అని అడిగే గ్రీకుల కథకు ఆంగ్ల తత్వవేత్త హాబ్స్ ఒక మెలిక పెట్టాడు. మార్చిన పాత పలకలన్నీ దాచి వాటితో రెండో ఓడ కడితే ఏది అసలు ఓడ? జీపు భాషలో చెప్పాలంటే, ఛాసిస్ ఒక షెడ్డులో కొత్త బాడీ తొడుక్కుంది, పాత బాడీ, పాత ఇంజన్, డాష్‌బోర్డు రేకుతో సహా ఇంకో షెడ్డులో వేరే ఛాసిస్ మీద లేచాయి. రెండింటికీ ఒకే గతం ఉంది. చట్టం ఛాసిస్ ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. ఈ ఎంపికలో కొంత ఇష్టారాజ్యం ఉందని ఒప్పుకుంటాను. ఇంజన్‌ను ఎంచుకుని ఉన్నా కొంప మునిగేది కాదు. అయితే ఏదో ఒకదాన్ని ముందే ఎంచుకోవడం మాత్రం ఇష్టారాజ్యం కాదు. పాలివాళ్ల మధ్య పొలం గట్టు ఎక్కడ వేయాలన్నది తగువు కావచ్చు, గట్టు ఉండాలా అన్నది కాదు. రెండో షెడ్డులో ఉన్నది కూడా అబద్ధమేమీ కాదు. ఫలానా జీపు బాడీ, ఇంజన్ వేసుకున్న బండి అని చెప్పుకుంటే అది నూటికి నూరుపాళ్లు నిజం. అదే ఆ జీపు అంటేనే మోసం.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది కాగితాల్లేని బండి సంగతి. ఊళ్లో ముప్ఫై ఏళ్లుగా ఒకే చేతి కింద నడిచిన జీపు, ఆర్సీ పోయింది, రేకు ఊడిపోయింది, పట్టీ మీద అంకెలు తుప్పు తినేసింది. నడిపినవాడికి మాత్రం క్లచ్ మీద కాలు పెడితే చాలు, ఇది తన బండే. ప్రత్యభిజ్ఞ అంటారే, అదే ఇది అని నేరుగా గుర్తుపట్టడం, అది అతనికుంది. నేను చరిత్ర అంటూ కాగితాలను గద్దె మీద కూర్చోబెట్టి, ఈ మనిషి జ్ఞానాన్ని కొట్టిపారేస్తున్నానా? లేదు. అతని గుర్తింపు కూడా సాక్ష్యమే, ఒక్కోసారి కాగితం కన్నా మెరుగైన సాక్ష్యం. దాని లోపమల్లా అతని దగ్గరే ఆగిపోవడం. రేపు బండి అమ్ముడుపోయి మెదక్‌కో నాందేడ్‌కో వెళితే క్లచ్ అనుభవాన్ని వెంట పంపలేడు. ఒకరి ప్రత్యక్షం ఇంకొకరికి చేరాలంటే శబ్దంగా మారాలి, నమ్మదగినవాడి మాటగా మారాలి. నంబరు, ఆర్సీ, అందులో రాయించిన మార్పులు, ఇవన్నీ ఆ మాట ప్రయాణించడానికి చేసుకున్న ఏర్పాట్లు. కాగితం లేనంత మాత్రాన ఆ జీపు తాను కాకుండా పోలేదు. తానేనని పరాయివాడికి చెప్పుకోలేని స్థితిలో పడింది, అంతే.

ఈ తేడా పట్టకపోతే 2021 జులైలో వచ్చిన పాతకాలపు వాహనాల నిబంధనలను తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదముంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు లేకుండా మూల రూపంలో ఉంచిన సొంత వాడకపు బండికి ఆ నిబంధనల కింద ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. రాష్ట్రం కోడ్ తరవాత ‘వీఏ’ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు. రోజువారీ పనులకు గానీ కిరాయికి గానీ తిప్పకూడదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పొలం పనులకు తిరిగి, డీజిల్ ఇంజన్ వేయించుకుని, నేల రేకు మార్పించుకున్న జీపుకి ఆ ‘వీఏ’ దొరకదు. దొరకకపోవడం అన్యాయమని నేననను. మ్యూజియం అడిగేది రూపం, ఆ రూపం ఈ బండిలో లేదు. కానీ ఆ కారణంగా ఇది ‘అసలుది కాదు’ అని సంతలో ధర కోసేవాళ్ల మాట మాత్రం ఒప్పుకోను. మూల రూపంలో లేదనడం ఒక తీర్పు, ఆ జీపే కాదనడం పూర్తిగా వేరే తీర్పు. రెండో తీర్పు చెప్పదలచినవాడు ఇంజన్ కొత్తదని చూపిస్తే చాలదు. ఆర్సీ తీసి, పట్టీ మీద పెన్సిల్ ముద్ర తీసి, గొలుసు ఫలానా చోట తెగిందని చూపించాలి.